ఎంపీటీపీని చేతిలోకి తీసుకునే ముందు

చి. శైలజకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

చిట్టెలుకల్లో పార్కిన్సన్ (కదలికలు మందగించి ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు) లక్షణాలు రప్పించడానికి మీ ప్రయోగశాలలో ఎంపీటీపీ అనే విషరసాయనాన్ని వాడతారని రాశావు. దాని విషగుణాన్ని ఎవరూ వెతికి కనిపెట్టలేదు. 1976లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక రసాయనశాస్త్ర విద్యార్థి, పెథిడీన్ అనే నొప్పి మందును పోలిన మత్తుపదార్థాన్ని తన వాడకానికి తానే తయారుచేసుకుంటూ తొందరపాటుతో పద్ధతి తప్పడం వల్ల, ఇది అందులో కలిసింది. ఇరవై మూడేళ్లకే అతని ఒళ్లు కొయ్యబారిపోయింది. వైద్యులు ఆ పదార్థాలను పెద్ద ఎలుకల (ర్యాట్) మీద పరీక్షిస్తే నిలిచే హాని కనబడలేదు. 1979లో ఒక పత్రికలో వచ్చిన చిన్న వ్యాసంతో ఆ సంగతి మరుగున పడింది. తర్వాత 1982లో, కాలిఫోర్నియాలో కృత్రిమ హెరాయిన్ ఎక్కించుకున్న కొందరు యువకులు కదలలేని స్థితిలో ఆసుపత్రులకు వచ్చినప్పుడు, విలియం లాంగ్‌స్టన్ అనే నాడీవైద్యుడూ ఆయన సహచరులూ కారణం వెదికి, మరుసటి సంవత్సరం ప్రకటించారు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది దాని పని తీరు. కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలను ఎంపీటీపీ తనంతట తాను చంపదు. కొవ్వులో కరిగే గుణం వల్ల అది రక్తానికీ మెదడుకీ మధ్యనున్న అడ్డును సులువుగా దాటుతుంది. నాడీకణాలకు తోడుగా ఉండే గ్లియా కణాల్లోని మోనోఅమీన్ ఆక్సిడేజ్-బి అనే ఎంజైము దాన్ని ఎంపీపీ ప్లస్ అనే అసలు విషంగా మారుస్తుంది. డోపమైన్‌ను మోసే వాహకం, దొంగకు ఇంటివాడే తలుపు తీసినట్టు, దాన్ని నాడీకణంలోకి చేరవేస్తుంది. లోపల అది, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని కాంప్లెక్స్-1 అనే భాగాన్ని అడ్డుకుని కణానికి శక్తి అందకుండా చేస్తుంది. అందుకే మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఉన్న డోపమైన్ కణాలకే ప్రధానంగా దెబ్బ తగులుతుంది. ఆ ఎంజైమును ఆపే సెలెజిలీన్ అనే మందును ముందుగా ఇచ్చిన కోతులకు హాని జరగలేదు. పెద్ద ఎలుక మెదడులోని రక్తనాళాల గోడల్లోనే ఈ మార్పు చాలావరకు జరిగిపోవడం, అది తట్టుకోగలగడానికి ఒక కారణమని చెబుతారు. ఒక్క జంతువు ఇచ్చిన సమాధానాన్ని నమ్మి తొలి వైద్యులు ఎంత దగ్గరగా వచ్చి ఆగిపోయారో చూడు!

కోతుల వల్ల మేలు జరగకపోలేదు. ఎంపీటీపీ ఇచ్చిన కోతుల్లో మెదడు లోతున ఉండే సబ్‌థాలమిక్ కేంద్రాన్ని పనిచేయకుండా చేస్తే కదలికలు మెరుగవుతాయని 1990లో బెర్గ్‌మన్, విచ్‌మన్, డిలాంగ్ చూపించారు. నేడు ఎందరో రోగులకు ఆ కేంద్రంలోనే విద్యుత్ తీగలు అమర్చి ఉపశమనం కలిగిస్తున్నారు. అయినా మనిషికి ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరే జబ్బు వేరు, చిట్టెలుకలో కొద్ది రోజుల్లో మనం కలిగించే గాయం వేరు. ఏదైనా మందు నీ చిట్టెలుకలను కాపాడితే, అది ఈ విషాన్ని అడ్డుకుందని మాత్రమే రాయి. జబ్బును అడ్డుకుందని రాయకు. ఆ మందు ఎంజైమునో వాహకాన్నో ఆపడం వల్లనే అలా జరిగిందేమో మొదట పరీక్షించు.

ఇక జాగ్రత్త సంగతి. సూది గుచ్చిన తర్వాత చిట్టెలుకల మూత్రంలో కూడా ఈ విషం బయటికి వస్తుంది కనుక, బోనుల్లో పరిచే పొట్టును తాకేటప్పుడూ చేతి తొడుగులు ఉండాలి. పొడిని గాలి పీల్చే పెట్టెలో తప్ప తూచకూడదు. మీ ప్రయోగశాలలో ఈ రసాయనానికి ప్రత్యేకమైన రాతపూర్వక నియమావళి ఉందా? ఉంటే చదివాకే మొదలుపెట్టు, లేకపోతే మీ గురువుగారిని అడిగి రాయించు. ఏ సంగతీ జాబు రాయి.

నాన్న