పాలిస్టర్లన్నీ ఒకే కుప్పలో వేయొద్దు

సంపాదకులకు,

కంపోస్టు అయ్యే కప్పులు, నీళ్ల సీసాలు రెండూ పాలిస్టర్లే కాబట్టి కలిపి రీసైకిల్ చేయొచ్చని చాలామంది అనుకుంటున్నారు. ఆ కుప్పను కరిగించే వాళ్లకు అది పెద్ద తలనొప్పి.

ప్లాస్టిక్ అణువులు (పాలిమర్లు) చాలా పొడవైన గొలుసులు. ఒకదానికొకటి బాగా నప్పితేనే అవి కలుస్తాయి. నీళ్ల సీసాల పాలిస్టర్ పెట్‌కూ, దాని దగ్గరి చుట్టం పీబీటీకీ గొలుసులోని ఒక్కో లంకెలో తేడా రెండు కార్బన్లే. అందుకే కరిగిస్తే అవి ఒకటవుతాయి, చల్లారాక స్ఫటికాలు మాత్రం దేనివి దానికే. అయితే కరిగిన స్థితిలో ఎక్కువసేపు ఉంచితే గొలుసులు తమ లంకెలను కలిపే ఎస్టర్ బంధాలను ఇచ్చిపుచ్చుకుని రెండూ కలగలిసిన కొత్త కోపాలిస్టర్ తయారవుతుంది, ద్రవీభవన ఉష్ణోగ్రత పడిపోతుంది. దీన్ని ఆపడానికే ఫాస్ఫైట్ స్టెబిలైజర్ అనే రసాయనం కలుపుతారు.

కంపోస్టు కప్పుల్లోని పాలిస్టర్ పీఎల్ఏ అలా కలవదు. పెట్‌లో అది విడి బిందువులుగా మిగిలి సీసాను మసకబారుస్తుంది. అంతకన్నా ముందే డ్రయ్యర్‌లో గొడవ మొదలవుతుంది. పెట్ తునకలను 160 డిగ్రీల దగ్గర 4 నుంచి 6 గంటలు ఆరబెట్టి, తేమను 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) లోపుకు తేవాలి. లేదంటే కరిగేటప్పుడు నీరు గొలుసులను తెంపేస్తుంది. ఆ వేడికి పీఎల్ఏ, ష్రింక్ స్లీవ్‌లలో (సీసాకు బిగుతుగా చుట్టే లేబుల్ తొడుగుల్లో) వాడే పెట్‌జీ రెండూ మెత్తబడి తునకలను ముద్దకట్టిస్తాయి, తునకలు పోసే హాపర్ మూసుకుపోతుంది.

నీళ్ల తొట్టి వీటిని వేరుచేయలేదు. మూతలు తేలతాయి గానీ పెట్ (సాంద్రత 1.38), పెట్‌జీ (1.27), పీఎల్ఏ (1.24) మూడూ మునుగుతాయి. ఉప్పు కరిగినంత కలిపినా నీటి సాంద్రత 1.20 దాటదు. ప్లాస్టిక్ రకాన్ని పరారుణ కాంతితో గుర్తించి వేరుచేసే సార్టర్ యంత్రం లేని చిన్న యూనిట్లు ప్రతి లాటు నుంచి పిడికెడు తునకలు ట్రేలో పలుచగా పరిచి 200 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచి చూడాలి. పెట్ తెల్లబడుతుంది. పీఎల్ఏ కరిగి బిందువులవుతుంది. పెట్‌జీ పారదర్శకంగానే ఉండి ట్రేకి అంటుకుంటుంది. పీవీసీ ఉంటే గోధుమరంగుకు తిరుగుతుంది, అది అన్నిటికన్నా ప్రమాదం.

గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో 2025-26కి 30 శాతం, 2028-29కి 60 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ ఉండాలన్నది కేంద్ర నిబంధన. నాణ్యమైన తునకలు దొరక్కపోతే అది కాగితం మీదే ఉంటుంది. కాబట్టి కంపోస్టు కప్పుల సేకరణకు మున్సిపాలిటీలు వేరే డబ్బా పెట్టాలి. జ్యూస్ కంపెనీలు సీసా నిండా చుట్టే స్లీవ్‌కు చింపే గీత ఇవ్వాలి. కొన్నవాళ్లు ఆ స్లీవ్ తీసేశాకే సీసాను పాత సామాన్ల వాళ్లకు ఇవ్వాలి.

— పాలిమర్ రీసైక్లింగ్ సాంకేతిక నిపుణులు, హైదరాబాద్