గ్లామిస్ ఇసుక తిన్నెల దగ్గర సాయం చేసిన పెద్దాయనకు

పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనా, మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. కాలిఫోర్నియాలో గ్లామిస్ ఇసుక తిన్నెల దగ్గర మా ఏటీవీ (ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండి) స్టార్ట్ కాక అవస్థ పడుతుంటే, అడగకుండానే వచ్చి చెయ్యి వేశారు.

ఇంజన్‌లో ఒత్తిడి పెంచే హై కంప్రెషన్ పిస్టన్, వాల్వ్‌లను తెరిచే కొత్త క్యామ్‌షాఫ్ట్ (క్యామ్) వేయించినప్పటి నుంచి ఇదే టెన్షన్. స్టార్టర్ సగం తిరిగి ఆగిపోయేది. చూసినవాళ్లంతా కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ మార్చమన్నారు. మీరు మాత్రం ముందు బ్యాటరీకి మీటర్ పెట్టారు. స్టార్టర్ తిప్పేటప్పుడు 9.6 వోల్టుల కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలన్నారు. పడిపోయింది. కానీ మీ ట్రక్కు ఇంజన్ ఆపి దాని బ్యాటరీ కలిపినా అదే వరస. అంటే బిగింపు ఇంజన్‌లోనే ఉంది.

అప్పుడు వాల్వ్ కవర్ విప్పించారు. స్టార్టింగ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కాస్త ఎత్తి ఒత్తిడి తగ్గించే చిన్న డీకంప్రెషన్ పిన్ ఈ క్యామ్ మీదే ఉంది. వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సన్నటి ఖాళీ, అదే వాల్వ్ గ్యాప్, ఎక్కువైతే ఆ పిన్ బయటికొచ్చినా వాల్వ్ సరిగా లేవదు. ఎంత ఓపికగా విడమరిచి చెప్పారో! ఇంజన్ పూర్తిగా చల్లారాకే సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో ఆ గ్యాప్ కొలిచి, క్యామ్ తయారీదారు ఇచ్చిన కొలతకు సరిచేశారు. బండి మాన్యువల్‌లో ఉన్నది పాత క్యామ్ లెక్క అని గుర్తుచేశారు.

ఇప్పుడు బటన్ నొక్కగానే అందుకుంటోంది. చోక్ వేసినప్పుడు థ్రాటిల్ ముట్టుకోవద్దన్న మీ మాటా పాటిస్తున్నాం. మా తమ్ముడి బండిలోనూ ఇదే క్యామ్ ఉంది, దాని గ్యాప్ కూడా కొలవబోతున్నాం.