ట్రాక్ కార్లలో వెడల్పు సీటు: ఇకనుంచి మా షాపులో పని ఇలాగే

నల్గొండలో మా ఫ్యాబ్రికేషన్ షాపుకు ట్రాక్ కారు (రేసు ట్రాక్ మీద నడపడానికి మార్చుకునే కారు) పని అప్పజెప్పినవాళ్లకు, అప్పజెప్పాలని ఆలోచిస్తున్నవాళ్లకు నమస్తే.

ముందు అసలు సంగతి చెప్తా. చిన్న కార్లలో వెడల్పు రేసింగ్ సీటు బిగించే పనికి ఛార్జి 18 వేల నుంచి 26 వేలకు పెంచుతున్నాం. దసరాకు తీసుకుపోదామనుకున్న కొందరి కార్లు దీపావళి తర్వాతే చేతికొస్తాయి. రెండింటికీ కారణం ఒక్కటే. పాత సీటు రైలు మీద ఇనుప పట్టీ అడ్డంగా వేసి, దాని మీద కొత్త సీటు నిలబెట్టే పని మా షాపులో జరగదు. ఎంత తొందరున్నా, ఎవరు చెప్పించినా జరగదు. వెడల్పు సీటు అంటే ఫ్లోరులో దానికని వేరే క్రాస్‌మెంబర్లు (అడ్డ దూలాలు) కట్టాల్సిందే. దానికి టైమూ పడుతుంది, మెటీరియలూ పడుతుంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు జరిగినప్పటినుంచి మన వైపు పిల్లల్లో ఈ ట్రాక్ కార్ల మోజు బాగా పెరిగింది. మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి. పాత మారుతి 800, జెన్, ఆల్టో, మొదటి తరం స్విఫ్ట్ లాంటిది ఒకటి కొంటారు, లోపల సామానంతా పీకేస్తారు. దాన్ని బండి మీద ఎక్కించి అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, ఇంకా కిందికి కోయంబత్తూరులో కరి మోటర్ స్పీడ్‌వేకో తీసుకుపోతారు. నాకు ఇది చాలా ఇష్టమైన పని. పెద్ద ఊళ్లలో పెద్ద షాపులు ఉండగా మన దగ్గరికి వస్తున్నారంటే అది నమ్మకంతోనే. ఆ నమ్మకం కోసమే ఇంత వివరంగా రాస్తున్నా.

వచ్చేవాళ్లలో చాలామంది దిట్టమైన మనుషులు. తొంభై కిలోలు, వంద కిలోలు ఉంటారు. వాళ్లకు మీడియం సైజు బకెట్ సీటు (రెండు పక్కలా ఎత్తు అంచులతో ఒంటిని పట్టి ఉంచే రేసింగ్ సీటు) పనికిరాదు. తొడలు పక్క అంచుల మీద ఎక్కి కూర్చుంటాయి, నడుము అడుగుదాకా దిగదు, నాలుగు ల్యాపులకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఒళ్లు తగ్గించుకుని రమ్మని చెప్పడం నా పని కాదు. మనిషికి తగిన సీటు తెచ్చి, ఆ సీటుకు తగ్గట్టు కారును మార్చడం నా పని. కాబట్టి ఎల్, ఎక్స్‌ఎల్ సైజు సీటు కావాలని అడిగేవాళ్లు సరైనదే అడుగుతున్నారు.

చిక్కంతా కారు దగ్గర. మారుతి 800 మొత్తం వెడల్పు 1440 మిల్లీమీటర్లు. 2005లో వచ్చిన స్విఫ్ట్ 1690. అంటే 25 సెంటీమీటర్ల తేడా. ఆ 1440లోంచి రెండు వైపులా డోర్ల మందం తీసేయండి, మధ్యలో టన్నెల్ (ఫ్లోరు నడిమధ్య పొడవునా ఉబ్బెత్తుగా ఉండే భాగం) తీసేయండి, మిగిలింది సగం చేయండి. డ్రైవర్‌కు దొరికే చోటు అంతే. కంపెనీ సీటు సన్నగా ఉంటుంది కాబట్టి అందులో సుఖంగా ఇముడుతుంది. వెడల్పు బకెట్ సీటు కింద టన్నెల్‌కు తగులుతుంది, బయటి వైపు డోర్ కింది సిల్‌కు తగులుతుంది, పైన భుజాల రెక్కలు బి-పిల్లర్‌కో (ముందు, వెనక డోర్ల మధ్య స్తంభం) డోర్ ప్యాడ్‌కో తగులుతాయి. డోర్ ప్యాడ్ సంగతి తేలికే. దాన్ని తీసేసి అల్యూమినియం రేకు కొడితే కొంత చోటు వస్తుంది. టన్నెల్‌నూ సిల్‌నూ మాత్రం సుత్తితో కొట్టి వంచుకోలేం. కారు గట్టితనం వాటిలోనే ఉంది.

అప్పుడు అందరికీ తట్టేది ఒక్కటే. "అన్నా, సీటు జర్ర లోపలికి జరుపు, సరిపోతది." జరిపితే సీటు పడుతుంది, నిజమే. కానీ స్టీరింగు, పెడళ్లు ఉన్నచోటే ఉంటాయి. మనిషి ఒక పక్కకు, చేతులూ కాళ్లూ ఇంకో పక్కకు అవుతాయి. మామూలు సీటులో అయితే ఒళ్లు సర్దుకుంటుంది. బకెట్ సీటులో బెల్టులు బిగించాక సర్దుకోవడం ఉండదు. వెన్ను మెలితిరిగే ఉంటుంది. బ్రేకు గట్టిగా తొక్కిన ప్రతిసారీ ఆ మెలిక మీదే బలం పడుతుంది. అందుకే మేము మొట్టమొదట స్టీరింగు మధ్యనుంచి వెనక్కి నూలుదారం లాగుతాం. సీటు మధ్యగీత ఆ దారానికి వీలైనంత దగ్గరగా రావాలి. ఎంత ప్రయత్నించినా బాగా పక్కకే పోతుంటే, ఈ కారులో ఈ సీటు వద్దని మొహం మీదే చెప్పేస్తాం.

ఇక ఫ్లోరు. ఖర్చంతా ఇక్కడే, నా పట్టుదల కూడా ఇక్కడే. చిన్న కారు అడుగు రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దానికి రంధ్రం పెట్టి, వాషర్ వేసి, బోల్టు బిగిస్తే చూడటానికి గట్టిగానే ఉంటుంది, చేత్తో ఊపితే కదలదు. ట్రాక్ మీద కారు తిరిగిపోయి వెనక భాగం గోడకు కొడితే మనిషి బరువంతా సీటు మీదకే వస్తుంది. వంద కిలోల మనిషి, పది కిలోల సీటు అనుకోండి. దెబ్బ ఇరవై జీ (అంటే బరువుకు ఇరవై రెట్లు) అయితే ఆ క్షణంలో 2200 కిలోలు ఆ నాలుగు బోల్టుల మీద. వాషర్ రేకును చీల్చుకుని పైకి వస్తుంది. బోల్టు విరగదు, రేకు చిరుగుతుంది.

ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు రేసుల సంస్థ) నిబంధనలు దీనికి లెక్క చెప్తాయి. సీటుకు కనీసం నాలుగు చోట్ల బిగింపు ఉండాలి. బోల్టు 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రేకు కింద వేసే కౌంటర్ ప్లేటు స్టీలు అయితే 3 మిల్లీమీటర్ల మందం, అల్యూమినియం లాంటి తేలిక లోహం అయితే 5 ఉండాలి. ఒక్కో బిగింపు దగ్గర ప్లేటు, రేకు కలిసి ఆనుకునే వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. 40 అంటే సుమారు ఆరున్నర సెంటీమీటర్ల చదరం. బజారులో దొరికే వాషర్ ఎంతుంటుందో దీని పక్కన పెట్టి చూసుకోండి. మీరు పోటీలో దిగకపోయినా, సరదాగా ట్రాక్ డేకు పోయినా ఈ కొలతలే పాటిస్తాం.

వెడల్పు సీటుకు పాత సీటు రైలును మోసే దిమ్మెలు ఎలాగూ అడ్డమే. స్పాట్ వెల్డులు ఒక్కొక్కటి డ్రిల్లు చేసి వాటిని విడదీస్తాం. సిల్ నుంచి టన్నెల్ దాకా రెండు స్క్వేర్ పైపులు, ముందొకటి వెనకొకటి, అడ్డంగా వేస్తాం. రెండు కొసలకూ వెడల్పు ప్లేట్లు పెట్టి వెల్డింగ్ చేస్తాం, అప్పుడు బలం ఒక్కచోట కాకుండా సిల్‌కు, టన్నెల్‌కు పంచుకుపోతుంది. బోల్టు దూరే ప్రతిచోటా పైపు లోపల గట్టి స్లీవ్ (చిన్న గొట్టం ముక్క) వేస్తాం. స్లీవ్ లేకుంటే బోల్టు బిగించినకొద్దీ పైపు నలిగిపోతుంది, నలిగిన పైపు మీద బిగింపు నాలుగు రోజులకే వదులవుతుంది. ఈ పని అయ్యాక ఎవరికీ కనిపించదు, సీటు కింద దాక్కుంటుంది. ఫోటోలో రాదు. మీరిచ్చే డబ్బుల్లో ఎక్కువ భాగం దానికే పోతుంది. అందుకే వెల్డింగ్ అయ్యాక, రంగు వేయకముందు మీరు వచ్చి చూసుకోవాలని అడుగుతున్నా. రాలేనివాళ్లకు వీడియో పంపిస్తాం.

పైపుల మీద సీటు పెట్టడంలో ఇంకో లాభం ఉంది. దిమ్మెలు పోయాయి కాబట్టి సీటు కిందికి దిగుతుంది, హెల్మెట్‌కు పైన జాగా వస్తుంది. పొడుగు మనుషులకు మారుతి 800లో ఇది చాలా అవసరం. ముందుకీ వెనక్కీ జరిగే స్లైడర్ కావాలంటే ఆ దిగిన ఎత్తులో కొంత మళ్లీ పోతుంది, బిగింపులో కదిలే భాగం ఒకటి కలుస్తుంది. ఒక్కడే నడిపే కారుకు స్లైడర్ వద్దనే చెప్తా. అన్నదమ్ములిద్దరు పంచుకునే కారు అయితే సీటు ఒళ్లు పెద్దగా ఉన్నాయన కొలతకే తీసుకోండి. సన్నగా ఉన్నాయన కోసం గట్టి ఫోమ్‌తో పక్కలు నింపి ఇస్తాం. మెత్తటి స్పాంజి మాత్రం వేయం. అది దెబ్బ తగిలినప్పుడు ఒక్కసారిగా అణగిపోతుంది, బెల్టు వదులవుతుంది, మనిషి కిందికి జారతాడు.

మిర్యాలగూడ నుంచి కొందరు అడుగుతున్నారు: "ప్లేట్లు, పైపులు కోసి ఇయ్యన్నా, మా మిల్లుల ఫిట్టర్ ఉన్నడు, ఆయనతోని వెల్డింగ్ చేపిచ్చుకుంటం." రైస్ మిల్లు ఫిట్టర్ల పనితనం నాకు తెలుసు, చాలా గౌరవం కూడా. కానీ వాళ్ల చేయి అలవాటుపడింది మందపాటి ప్లేటుకు, రాడ్ వెల్డింగ్‌కు. కారు రేకు మీద రాడ్ పెడితే కన్ను మూసి తెరిచేలోపు బొక్క పడుతుంది. పైగా రేకు కింద బ్రేకు పైపు, పెట్రోలు పైపు పోతుంటాయి. కాబట్టి సామాను మాత్రమే అమ్మడం లేదు, ఏమీ అనుకోవద్దు.

బెల్టు గురించి కూడా సీటుతోపాటే మాట్లాడాలి. సీటు మారితే భుజాల ఎత్తు మారుతుంది, బెల్టు వచ్చే కోణం మారుతుంది. భుజం పట్టీలు సీటు వెనక నుంచి కిందికి దిగే వాలు 45 డిగ్రీలు దాటకూడదు, 10 డిగ్రీల లోపు ఉంటే మేలు. అంతకంటే నిటారుగా కిందికి పోతే దెబ్బ తగిలినప్పుడు పట్టీ వెన్నెముకను కిందికి నొక్కుతుంది. బెల్టులను సీటుకో, సీటు బ్రాకెట్లకో కట్టడం ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం నిషిద్ధం. అవి కారు బాడీకో, కేజ్‌కో (కారు లోపల ఇనుప పైపులతో కట్టే చట్రం) పోవాలి.

కేజ్ లేని కారులో నాలుగైదు పట్టీల హార్నెస్ బిగించం. కారు పల్టీ కొట్టి పైకప్పు అణిగితే, మామూలు బెల్టులో మనిషి పక్కకు వంగగలడు. హార్నెస్ కట్టినవాడు నిటారుగా ఇరుక్కుపోతాడు. కేజ్ చేయించే స్తోమత ఇప్పుడు లేకపోతే కంపెనీ సీటు, కంపెనీ బెల్టుతోనే ఈ సీజన్ నడపండి. రోజూ రోడ్డు మీద తిరిగే కార్లకూ ఈ సీటు పని చేయం. సీటులో ఎయిర్‌బ్యాగులు, సెన్సార్లు ఉన్న కార్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, వాటిని పీకి పక్కన పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది.

అందరినీ వేడుకునే మాట ఒకటుంది. దయచేసి సీటు ముందే కొనకండి. ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ ఉందని ఆర్డర్ పెట్టి, డబ్బా తీసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. ప్యాంటు సైజు చెప్తే సీటు సైజు తెలియదు. గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చోబెట్టి, తుంట్లకు రెండు పక్కలా ప్లయ్‌వుడ్ ముక్కలు ఆనించి, మధ్య దూరం కొలుస్తాం. భుజాల వెడల్పు, హెల్మెట్‌తో సహా కూర్చున్న ఎత్తు రాసుకుంటాం. ఆ తర్వాత కారు కొలుస్తాం. సీటు కంపెనీలు తుంటి దగ్గర లోపలి వెడల్పు, భుజాల దగ్గర బయటి వెడల్పు ఇస్తాయి. మొదటిది మీకు సరిపోవాలి, రెండోది కారుకు సరిపోవాలి. ఈ రెండూ కుదిరే మోడళ్లు చిన్న కార్లకు కొన్నే ఉంటాయి, అవేమిటో రాసిస్తాం. కొనడం మీ ఇష్టం ఉన్నచోట కొనుక్కోండి. కొలతలకు డబ్బులు తీసుకోం.

సెకండ్ హ్యాండ్ సీటు తెచ్చేవాళ్లు దాని మీద ఎఫ్‌ఐఏ ప్రమాణం నంబరు ఉండే లేబుల్ చూసుకోండి. 8855-1999 అని ఉంటే తయారైన నాటి నుంచి 5 ఏళ్లు, 8862-2009 అని ఉంటే 10 ఏళ్లు దాని ఆయుష్షు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర కొన్న సీటు ఈ మధ్య మా దగ్గరికొచ్చింది. కుట్టు అందంగా ఉంది, లేబుల్ మాత్రం మామూలు ప్రింటు కాగితం, ఫైబర్ షెల్ వేలితో నొక్కితే వంగింది. ఆ తమ్ముడికి బాధ కలిగినా అది బిగించకుండానే తిరిగి పంపించాను.

ఛార్జి పెరగడంలో మెటీరియల్ వాటా కూడా ఉంది. ప్లేట్లు ఇకనుంచి హైదరాబాద్ బాలానగర్‌లో లేజర్ కటింగ్ చేయించి తెస్తున్నాం, బోల్టులు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి, తల మీద బలం చెప్పే గ్రేడు ముద్ర ఉన్నవే. 26 వేలలో పైపులు, ప్లేట్లు, బోల్టులు, వెల్డింగ్, రంగు అన్నీ కలిసే ఉన్నాయి. సీటు, బెల్టు, కేజ్ వేరు. ఇదివరకే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత ధరే. వాళ్లలో దీపావళి దాకా ఆగలేనివాళ్లు అడ్వాన్స్ వాపస్ తీసుకోవచ్చు, కారు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలో మళ్లీ నడిచేలా కంపెనీ సీటు బిగించి ఇస్తాం. దానికి ఏమీ తీసుకోం.

కొత్తగా కొలతలకు వచ్చేవాళ్లు ఆదివారం పొద్దున పది లోపు రండి, వెల్డింగ్ సెట్లు మొదలైతే మాట్లాడటం కుదరదు. వచ్చేటప్పుడు మీ హెల్మెట్, నడిపేటప్పుడు వేసుకునే బూట్లు, సూటు ఉంటే సూటు తెచ్చుకోండి. కారు ఇద్దరు నడిపేదైతే ఇద్దరూ రావాలి.