ఇకనుంచి ‘ఎంతమంది?’ అని కాదు, ‘ఎవరెవరు?’ అని అడుగుతాం

పుట్టినరోజు వేడుకలకి హాలు, అలంకరణ, ఆటలు, రిటర్న్ గిఫ్టులు అన్నీ మా దగ్గరే చూసుకునే అమ్మలకి, నాన్నలకి నమస్కారం. వచ్చే నెల నుంచి మా బుకింగ్ పద్ధతి మారుస్తున్నాం. ఎందుకో చెప్పాలంటే ముందు మా తప్పు చెప్పుకోవాలి.

పోయిన నెల ఒక ఐదేళ్ల పాప పుట్టినరోజు చేశాం. వాళ్లమ్మగారు 25 మంది పిల్లలు వస్తారన్నారు. ఎందుకైనా మంచిదని నేను 30 గిఫ్టు సంచులు కట్టించాను. వచ్చింది 37 మంది.

చివర్లో పిల్లలు వరసలో నిలబడ్డారు. ముప్ఫయ్యో సంచి ఇచ్చేసి తలెత్తితే ఎదురుగా పసుపు గౌను పాప, రెండు చేతులూ దోసిలి పట్టి నిలబడి ఉంది. మూడేళ్లుంటాయేమో. నా మొహం చూడటం లేదు, నా వెనక బల్ల మీదున్న ఖాళీ అట్టపెట్టెకేసి చూస్తోంది. ఆ పాప వెనక ఇంకో ఆరుగురు. నాకేం తోచక గోడకి కట్టిన బెలూన్లు తెంపి తలా ఒకటి ఇవ్వబోయాను. ఆ పాప నాన్నగారు చటుక్కున వచ్చి, ‘చిన్నది సార్, నోట్లో పెట్టుకుంటుంది’ అని బెలూన్ వెనక్కి ఇచ్చేశారు. ఇంటికెళ్లాక బెలూన్ల పాకెట్టు తిరగేసి చదివాను. ఊదని బెలూన్లతో, పగిలిన ముక్కలతో 8 ఏళ్లలోపు పిల్లలకి ఊపిరాడకుండా పోయే ప్రమాదం ఉందని దాని మీదే రాసుంది. ఇన్నేళ్లుగా వేలకొద్దీ బెలూన్లు కట్టించాను గానీ ఆ రెండు లైన్లు ఎప్పుడూ చదవలేదు.

మర్నాడు ఆ 7 సంచులు కట్టి పంపించాం. సంచి మీద పిల్లల పేరు రాయడం మా అలవాటు. వీళ్ల పేర్లు నా దగ్గర లేవు. మొదటిదాని మీద ‘పసుపు గౌను పాపకి’ అని రాశాను, మిగతా ఆరూ ఖాళీగానే వెళ్లాయి.

లెక్క తప్పింది ఆ తల్లి కాదు. నేను అడిగిన ప్రశ్నే తప్పు. ‘ఎంతమంది వస్తారండీ?’ అంటే ఎవరైనా చెప్పేది కాకి లెక్కే. తర్వాత ఇద్దరం కూర్చుని చూస్తే, పెరిగిన 12 మందిలో 8 మంది పిలిచిన పిల్లల తమ్ముళ్లూ చెల్లెళ్లూ. పిల్లాణ్ని దింపడానికి వచ్చిన అమ్మ చంకలో ఉన్న బిడ్డని ఎక్కడ వదిలి రావాలి? మిగతా నలుగురూ వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నవాళ్ల పిల్లలు. ఆ బొటనవేలుకి ‘చూశాం’ అని అర్థమో, ‘వస్తున్నాం’ అని అర్థమో ఆ పెట్టినవాళ్లకే తెలియాలి. వాట్సాప్‌లో 2022 నుంచి పోల్ సదుపాయం ఉంది. ‘వస్తాం’, ‘రాలేం’, ‘తమ్ముడో చెల్లో కూడా వస్తారు’ అని మూడు గడులు పెడితే సగం తలనొప్పి పోతుంది. అయినా మొహమాటస్తులు పోల్‌లో కూడా ఏదీ నొక్కరు. వాళ్లకి ఫోన్ చేయాల్సిందే.

ఇంకో మాట, ఇది చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. మా ప్యాకేజీలో ఇన్నాళ్లూ కనీసం 30 మంది అనే షరతు ఉండేది. ‘మా వాడి స్నేహితులు పన్నెండు మందేనండీ’ అన్నవాళ్లకి నేనే, ‘డబ్బు ఎలాగూ ముప్ఫైకి కడుతున్నారు కదా, ఇంకొందరిని పిలవండి’ అని చెప్పేవాణ్ని. అలా ఒక మూడేళ్ల బాబు వేడుక 30 మందితో కళకళలాడింది. ఆ బాబు మాత్రం గంటన్నర సేపు కర్టెన్ వెనకే ఉన్నాడు. ఫొటోల్లో కర్టెన్ కింద వాడి బూట్లు కనిపిస్తాయి. చిన్నపిల్లల ఆటల మీద మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే రాసింది. రెండు మూడేళ్ల వయసులో పిల్లలు ఎక్కువగా ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు, కలిసి ఆడటం తర్వాత తర్వాత వస్తుంది. అలాంటి పిల్లాడి చుట్టూ 30 మందిని నిలబెట్టి చప్పట్లు కొట్టించాను.

పిల్లలకి ఎన్నేళ్లు నిండితే అంతమందిని, పైన ఇంకొకరిని పిలిస్తే చాలనే లెక్క ఒకటుంది. మా వ్యాపారానికి అది గిట్టదు, అందుకే ఎప్పుడూ నోరెత్తలేదు. ఇప్పుడు ఆ 30 షరతు తీసేశాం. 10 మందికైనా చేస్తాం. దాచడమెందుకు, తలకి రేటు మాత్రం కొంచెం పెరుగుతుంది. హాలు అద్దె, కరెంటు పది మందికైనా అంతే కదా.

దాంతోపాటు ఒక కాగితం ఇస్తాం. పిల్లల పేర్లు, వయసులు, ఏ తిండి పడదో, తోడుగా తమ్ముడో చెల్లో వస్తారా, పెద్దవాళ్లు ఉంటారా, దింపేసి వెళ్తారా, ఇవి రాస్తే చాలు. వయసు అడిగేది గిఫ్టుల కోసం. బొమ్మల భద్రతా పరీక్షలో ఒక చిన్న గొట్టం వాడతారు, దాని వ్యాసం దాదాపు 3.17 సెంటీమీటర్లు. ఏ వస్తువైనా, దాని ముక్కైనా అందులో పూర్తిగా దిగిపోతే 3 ఏళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు. అలాంటి గొట్టం ఒకటి మా బల్ల మీద కూడా పెట్టుకున్నాం. తీరా దించి చూస్తే మేం ఇస్తున్న వాటిలో రబ్బరు బంతి, గోళీలు చక్కగా దిగిపోయాయి. చిన్నవాళ్ల సంచుల్లోంచి రెండూ తీసేశాం.

జాబితా వేడుకకి 3 రోజుల ముందు ఖాయం చేయండి. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు పెరిగితే మేమే సర్దుకుంటాం, డబ్బు అడగం. తగ్గితే మాత్రం తిరిగివ్వలేం, అప్పటికి సంచులు కట్టేసి ఉంటాం.

ఆహ్వాన కార్డులు కూడా మేమే వేస్తాం కాబట్టి ఒక సంగతి. 28 మంది ఉన్న తరగతికి 25 కార్డులు అడిగినప్పుడల్లా నాకు ఆ మిగిలిన ముగ్గురే గుర్తొస్తారు. అందరినీ పిలవండి, లేదంటే సగం కంటే బాగా తక్కువ మందిని పిలిచి కార్డులు బడిలో పంచకుండా ఇళ్లకి పంపండి. మీ జాబితాలో వేలు పెట్టడం నా పని కాదు, నిజమే. కానీ మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. మొన్న ఒక నాన్నగారు మా ఎదురుగానే కొడుకుని అడిగితే వాడు ఐదు పేర్లు చెప్పాడు. అందులో మూడు ఆయన రాసుకొచ్చిన నలభైలో లేవు. ఆయన నాలుక్కరుచుకుని, అక్కడే పెన్ను అడిగి తీసుకున్నారు.

ఇప్పటికే 30 మందికి కట్టేసి, అంతకన్నా తక్కువ మందిని పిలుస్తున్నవాళ్లు ఈ వారంలో చెప్పండి. కొత్త రేటు ప్రకారం లెక్క కట్టి, ఏమైనా మిగిలితే తిరిగిచ్చేస్తాం. మిగతావాళ్లకి పేర్ల కోసం నేనే ఫోన్ చేస్తాను.