మెట్రో పక్క గల్లీల గురించి పురపాలక శాఖ పెద్దలకు బహిరంగ లేఖ

పెద్దలకు నమస్కారం.

హైదరాబాద్ మూసాపేట మెట్రో స్టేషన్ వెనక గల్లీ నుంచి రాస్తున్నాం సార్. ఇంతకుముందు కూడా రాసిచ్చాం, స్టాంపు గుద్ది తీసుకున్నారు, ఆ కాగితం ఇప్పుడెక్కడుందో తీసుకున్నాయనకే తెలీదు.

మెట్రో లైనుకి రెండు పక్కలా 300 మీటర్లు మల్టీ యూజ్ జోన్ అన్నారు, అంటే ఇళ్ళు, షాపులు, ఆఫీసులు అన్నీ కలిపి కట్టుకోవచ్చని. ఆలోచనని తప్పు పట్టట్లేదు, స్టేషన్ దగ్గర జనం ఎక్కువుంటే రైలు నిండుతుంది, రోడ్డు మీద బండ్లు తగ్గుతాయి, ఒప్పుకుంటాం. కానీ సార్, ఆ 300 మీటర్లలో పెరిగింది ఒక్క బిల్డింగుల ఎత్తే. నలుగురుండే ఇల్లు కొట్టేసి అయిదంతస్తుల హాస్టల్ లేపారు, దాని పక్కన ఇంకోటి, దానెదురుగా ఇంకోటి, కింద డ్రైనేజీ పైపు మాత్రం ఆ నలుగురి కాలంలో వేసిందే. వానొస్తే మ్యాన్‌హోల్ పొంగుతుంది, వాన లేకపోయినా పొంగుతుంది. సెల్లార్‌లో పార్కింగ్ అని ప్లాన్‌లో చూపించిన చోట మెస్ నడుస్తుంది, బైకులన్నీ గల్లీలో, పొద్దున్నే వాటర్ ట్యాంకర్ దూరిందంటే స్కూల్ వ్యాను ఆగిపోద్ది. ఫుట్‌పాత్ అడగొద్దు, మెయిన్ రోడ్డు మీద ఉన్నదాంట్లోనే ట్రాన్స్‌ఫార్మర్, టీ బండి, పార్క్ చేసిన స్కూటీలు. ఏసీ రైల్లో హాయిగా వచ్చి, మెట్లు దిగి, ప్యాంటు మడిచి మురుగులో ఇంటికి పోతున్నాం. ఆ కాస్త దూరానికి కూడా పిల్లర్లేసి లైను వేస్తే దండం పెడతాం సార్, టికెట్ ఎంతైనా కొంటాం.

2017లో కేంద్రం తెచ్చిన టీఓడీ పాలసీలో, అంటే స్టేషన్ల చుట్టూ ఊరు ఎలా పెరగాలో చెప్పే పాలసీలో, నడిచేవాళ్ళకి, సైకిల్ తొక్కేవాళ్ళకి దారి ఉండాలని రాసే ఉంది. మా స్టేషన్ తెరిచింది కూడా ఆ ఏడాది నవంబర్‌లోనే. పాలసీలో బిల్డర్‌కి పనికొచ్చే ముక్క ఒక్కటే మీ టేబుల్ దాకా వచ్చిందా ఏంటి?

ఇప్పుడేమో మియాపూర్ నుంచి పటాన్‌చెరుకి ఇంకో 13.4 కిలోమీటర్ల మెట్రో అంటున్నారు. సంతోషం. స్టేషన్ ఎక్కడొస్తుందో అక్కడుండేవాళ్ళ కంటే ముందు రియల్ ఎస్టేట్ వాళ్ళకి తెలుస్తుంది, అది ఎలాగూ ఆగదు. చందానగర్, బీహెచ్ఈఎల్ వాళ్ళకైనా ముందు పైపులు, నడిచే దారి వేసి, ఆ తర్వాత పై అంతస్తులకి పర్మిషన్లివ్వండి. మాకూ చేయండి సార్, పర్మిషన్ ఫీజులు కట్టించుకున్నారు కదా, అందులోంచే చేయండి. డ్రైనేజీ, ఫుట్‌పాత్, ఆ సెల్లార్ల సంగతి, ఏదో ఒకటి మొదలుపెట్టండి. నమ్మకం లేకపోతే ఒక ఇంజినీరు గారిని పంపండి, వానపడ్డ రోజు, సాయంత్రం ఏడింటికి. కార్లో మాత్రం వద్దు, మెట్రోలో రమ్మనండి.

ఇట్లు,
మూసాపేట స్టేషన్ వెనక గల్లీ వాళ్ళం