కొమ్మల బొమ్మలు నిలవాలంటే

సంపాదకులకు,

రాలిన కొమ్మలతో పార్కుల్లో, బడుల్లో నిలబెట్టే జింకలు, కొంగలు తొలి వానకే ఒరిగిపోతే లోపం పునాదిదే. ఆరడుగుల బొమ్మకు సరుగుడు గుంజలు రెండడుగుల లోతు దిగాలి. చుట్టూ కంకర వేసి దిమ్మిసతో కొడితే నీరు నిలవదు. బెరడు తప్పక ఒలవాలి, పురుగు చేరేది దాని కిందే. భూమిలో దిగే భాగానికి చెదలు పట్టకుండా జీడిపిక్కల పెంకు నుంచి తీసే నూనె పూయాలి. చర్మానికి తగిలితే పొక్కుతుంది, పిల్లల చేత పూయించొద్దు. మునగ, బూరుగు కర్ర త్వరగా చీకిపోతుంది. పచ్చి కర్ర ఎండి సన్నబడితే కొబ్బరితాడు కట్టు వదులవుతుంది, నెలకోసారి బిగించాలి. మేకులు అసలే వద్దు. బొమ్మ శిథిలమయ్యాక కాళ్లకు గుచ్చుకుంటాయి.

తుపానుకు పడిన కొమ్మలను మున్సిపాలిటీలు తగలబెట్టకుండా బడులకు ఇవ్వాలి.

– ఒక శిల్పకళా ఉపాధ్యాయుడు, విశాఖపట్నం