సూది రంధ్రం ముట్టుకోవద్దు తల్లీ

విజయనగరం, కంటోన్మెంట్
ఆదివారం రాత్రి

చి.ల.సౌ. చిన్నమ్మికి నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. మీరిద్దరూ క్షేమమని తలుస్తాను. రేపు పొద్దున్న మీ చిన్నాన్న పని మీద శ్రీకాకుళం వస్తున్నాడు. అతని చేతికి అమ్మ మెంతికాయ సీసా ఇస్తోంది, నేను ఈ ఉత్తరం ఇస్తున్నాను. నిన్న ఫోన్లో నీ గొంతు వింటేనే తెలిసింది, బాగా టెన్షన్ పడుతున్నావు. బలగలో కొత్తింట్లో దిగి వారమైనా కాలేదు, ఇంకా సామాను సర్దుకోనే లేదు, అప్పుడే ఈ వైఫై గొడవ. నీ ఫోన్‌కి వస్తోంది, లాప్‌టాప్‌కి వస్తోంది. వెనక గదిలో టీవీకి రావట్లేదు. ప్రింటర్ అసలు కనెక్టే కావట్లేదు. ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన పాత టాబ్లెట్ కనెక్ట్ అయినట్టే చూపించి ఇంటర్నెట్ లేదంటోంది. అల్లుడు గారు వైఫై ఇచ్చే రూటర్ బాక్సు వెనకున్న రీసెట్ రంధ్రంలో పిన్నుతో నొక్కేస్తే ఈ గొడవ పోతుంది కదా అన్నారన్నావు. ముందు ఆ పని ఆపండి. ఈ రాత్రి ఈ కాగితం తీసింది అందుకే.

స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేయడం వేరు. అది ఎన్నిసార్లు చేసినా నష్టం లేదు. ఆ సూది రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కి పట్టుకోవడం వేరు. దాంతో లోపల రాసి ఉన్నదంతా చెరిగిపోతుంది. వైఫై పేరూ పాస్‌వర్డూ పోతే మనమే మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ నెట్ ఇచ్చినవాళ్లు లైను కోసం లోపల పెట్టిన యూజర్‌నేమూ పాస్‌వర్డూ కూడా చాలా బాక్సుల్లో వాటితోపాటే పోతాయి. అప్పుడు ఇప్పుడొస్తున్న రెండింటికీ కూడా నెట్ ఆగిపోతుంది. వాళ్ల మనిషి వచ్చేదాకా ఎదురుచూడాలి.

నేను లైన్‌మన్‌గా చేరిన కొత్తలో చీపురుపల్లి వైపు ఒకరింట్లో ఫోన్ మూగబోయింది. వానాకాలం. నేను తెలివి ఉపయోగించకుండా ఎక్స్ఛేంజి దగ్గర మొదలుపెట్టి స్తంభం తర్వాత స్తంభం ఎక్కి జాయింట్లన్నీ విప్పి చూస్తున్నాను. మధ్యాహ్నానికి మా పెద్ద మేస్త్రీ సైకిల్ మీద వచ్చాడు. నన్నేమీ అనలేదు. నేరుగా ఆ వీధి చివర, ఇళ్లకి తీగలు విడిపోయే డీపీ బాక్స్ దగ్గరికెళ్లి, మూత తీసి, టెస్ట్ ఫోన్ క్లిప్పులు తగిలించి నా చెవి దగ్గర పెట్టాడు. టోన్ ఖణీమని వినబడింది. "ఇక్కడిదాకా ప్రాణం ఉంది. ఇంక నువ్వు అటు ఎక్కడమెందుకు?" అన్నాడు. ఇంట్లోకి వెళ్లి చూస్తే దేవుడి పటం వెనక గోడకి చెమ్మ పట్టింది. అక్కడున్న చిన్న బాక్సులో స్క్రూ కింద రాగి తీగ కొస మీద పచ్చగా చిలుము. బ్లేడుతో గీసి మళ్లీ బిగించాం. అయిదు నిమిషాల పని. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏ ఫాల్టుకి వెళ్లినా ముందు మధ్యలో నిలబడి, ప్రాణం ఎక్కడిదాకా ఉందో చూసుకునేవాణ్ని.

నీ ఇంట్లో ఆ డీపీ బాక్స్ లాంటిది రూటర్. నీ ఫోన్ మొబైల్ డేటా ఆపి వైఫై మీదే నెట్ చూడు. వస్తే బయటి లైను బాగుంది, రూటర్ బాగుంది. ఇంక వాటి జోలికి వెళ్లకు. మిగిలిన మూడింటికీ ఒకటే రోగం అనుకోవద్దమ్మా. నువ్వు చెప్పినదాన్నిబట్టి నాకు మూడూ మూడు వేరే సంగతుల్లా కనబడుతున్నాయి.

టీవీ సంగతి చూడు. ఇప్పటి రూటర్లు రెండు బ్యాండ్ల మీద వైఫై ఇస్తాయి, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. 5 వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. 2.4 వేగం తక్కువ, కానీ గోడలు దాటి దూరం వెళ్తుంది. నీ రూటర్ వీధి గదిలో, టీవీ వెనక గదిలో. మధ్యలో రెండు గోడలు. పైగా రూటర్‌ని ఇనప బీరువా వెనక పెట్టించారన్నావు. అది బీరువా పక్కన ఉండకూడదు. రేకు తరంగాన్ని అటు పోనివ్వదు. తీగ అందినంత మేర ఎత్తుగా, గుమ్మానికి ఎదురుగా ఉండేలా జరపండి. నీ ఫోన్ టీవీ పక్కన పెట్టి సిగ్నల్ గీతలు ఎన్నున్నాయో చూడు. అక్కడ ఫోన్‌కే అంతంతమాత్రంగా ఉంటే టీవీని తప్పు పట్టక్కర్లేదు.

రెండు బ్యాండ్లకీ ఒకే పేరుంటే ఏది దేనికి తగులుకుందో మనకి తెలియదు. అందుకని పేర్లు విడదీయి. లాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి రూటర్ కింద స్టిక్కర్ మీదున్న అడ్రస్ కొట్టు. చాలావాటికి 192.168.1.1 ఉంటుంది. లాగిన్ కూడా ఆ స్టిక్కర్ మీదే ఉంటుంది. సున్నాకీ, ఓ అక్షరానికీ తేడా టార్చిలైటు వేసి చూసుకో, నేను ఒకసారి అక్కడే గంట పోగొట్టుకున్నాను. వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో 2.4కి ఇప్పుడున్న పేరే ఉంచి, 5కి అదే పేరు చివర 5 అని చేర్చు. టీవీని 2.4 పేరుకే కలుపు. అయినా వీడియో ఆగి ఆగి వస్తుంటే, కదలని వస్తువు కాబట్టి దానికి ఒక లాన్ కేబుల్ లాగించేయడమే మేలు. నా మటుకు నాకు వైరుని మించిన నమ్మకం లేదు.

ప్రింటర్‌కీ ఇదే ముఖ్యం. అలాంటి పాత ప్రింటర్లు చాలా వరకు 2.4 ఒక్కటే ఎరుగును, 5 వాటి కంటికి కనబడదు. స్మార్ట్ ప్లగ్గులూ, చవక కెమెరాలూ అంతే. ఫోన్‌లో ప్రింటర్ యాప్ పెట్టి కలిపేటప్పుడు నీ ఫోన్ కూడా 2.4 పేరు మీదే ఉండాలి. అప్పటికీ పాస్‌వర్డ్ తప్పని మొరాయిస్తే సెక్యూరిటీ అన్నచోట చూడు. కొత్త రూటర్లో డబ్ల్యూపీఏ3 అని ఒక్కటే ఉందేమో. అది వైఫైకి తాళం వేసే పద్ధతి, 2018లో వచ్చింది. మన ప్రింటర్ అంతకంటే ముందుది, దానికి డబ్ల్యూపీఏ2 భాషే వచ్చు. రెండూ కలిసిన మిక్స్‌డ్ రకం ఉంటే అది పెట్టు, లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టు. ఎంత విసుగొచ్చినా పాస్‌వర్డ్ లేకుండా మాత్రం తెరిచి పెట్టొద్దు. పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఉంటుందని నీకు చెప్పక్కర్లేదు గానీ, ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దది చేసేస్తుంది. కన్ను బొమ్మ నొక్కి, ఏం పడిందో చూసుకుని అప్పుడు ఓకే కొట్టు.

టాబ్లెట్ గురించి రాత్రంతా ఆలోచించాను. కొత్త వైఫైకి కూడా మనింటి పేరే, మనింటి పాస్‌వర్డే పెట్టానని, కనెక్ట్ అయిన ప్రతిసారీ ఆ పేరు కనబడితే ఇక్కడే ఉన్నట్టుందని చెప్పావు చూడు, అది విని అమ్మ కళ్లు తుడుచుకుంది. చిక్కు బహుశా అక్కడే ఉంది తల్లీ. ఆ టాబ్లెట్‌కి ఇక్కడున్నప్పుడు నేనే చేత్తో ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు, పెట్టాను. మనింటి రూటర్ 192.168.0 వరసలో అడ్రస్‌లు ఇస్తుంది. నీది 192.168.1 వరస అయ్యుంటుంది. పేరు ఒకటే కావడంతో టాబ్లెట్ ఇంకా మనింట్లోనే ఉన్నాననుకుని పాత అడ్రస్సే పట్టుకుని కూర్చుంది. మామూలుగా ఏ వస్తువు తగులుకున్నా రూటరే దానికి ఒక నంబరు ఇస్తుంది, ఆసుపత్రిలో ఓపీ టోకెన్ ఇచ్చినట్టు. ఆ ఇచ్చే పనిని డీహెచ్‌సీపీ అంటారు. నువ్వు చేయాల్సిందల్లా టాబ్లెట్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి ఫర్గెట్ అని కొట్టి, మళ్లీ మొదటినుంచి పాస్‌వర్డ్ ఇచ్చి కలపడం. పేరు మార్చక్కర్లేదు, మనింటి పేరు అలాగే ఉండనీ. ఎప్పుడైనా లాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనబడితే, దానికి రూటర్ నుంచి నంబరు అందలేదని అర్థం.

ఇంకొకటి. ఆ టాబ్లెట్ ఛార్జింగ్ లేక నెలల తరబడి సూట్‌కేసులో పడి ఉంది. తేదీ చూడు. తేదీ ఎప్పటిదో చూపిస్తుంటే వైఫై ఉన్నా సైట్లు తెరుచుకోవు. ప్రతి సైటూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లే సర్టిఫికెట్ చూపిస్తుంది, తేదీ తప్పయితే టాబ్లెట్ దాన్ని నమ్మదు.

ఎప్పుడైనా ఇంట్లో అన్నీ ఒక్కసారే ఆగిపోతే, అప్పుడు బాక్సు లైట్లు చూడాలి. ఎల్ఓఎస్ అన్నచోట ఎర్రగా మిణుకుతుంటే ఫైబర్‌లో కాంతి రావట్లేదు. ఆ తీగలో ఉన్నది వెంట్రుకంత గాజు. రాగి తీగలా మడిచేస్తే ఊరుకోదు. బీరువా జరిపేటప్పుడు అది నలిగి మడత పడిందేమో ముందు చూడండి, ఎలుక కొరికిందేమో చూడండి. దాని కొస ఊడదీసి కంటికెదురుగా పెట్టి మాత్రం చూడొద్దు. లోపల వచ్చేది లేజర్, కంటికి కనబడదు గానీ కంటికి మంచిది కాదు. ఎర్రలైటు వెలిగితే అది మన చేతిలో పని కాదు, నెట్ వాళ్లకి ఫోన్ చేయాల్సిందే.

ఇంత పొడుగు ఉత్తరం ఎందుకని అనుకోకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మమ్మల్ని ఉద్దానం పంపారు. కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ పడిపోయి దారులే లేవు. జనరేటర్‌లో డీజిల్ పోయించి ఎక్స్ఛేంజి నిలబెట్టిన రోజు ఒక ముసలమ్మ చీటీలో నంబరు పట్టుకుని వచ్చి నిలబడింది. "మా గుంటడికి ఒక్క మాట చెప్పు బావూ, అమ్మ బాగుందని" అంది. ఇంటి పైకప్పు పోయింది, తిండి ఊసు కూడా ఎత్తలేదు. 2020 జనవరి ఆఖరున వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) మీద బయటికొచ్చాక నేను మళ్లీ స్తంభం ఎక్కలేదు. కానీ ఎవరింట్లోనైనా లైను లేదంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. నీ ఇంట్లో అంటే మరీను.

సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక టాబ్లెట్‌తో మొదలుపెట్టు, అది తేలిక. తర్వాత పేర్లు విడదీసి ప్రింటర్, ఆఖరున టీవీ. ఒక్కోదానికి తెర మీద ఏ మాట వచ్చిందో ఆ మాటే, అక్షరం మారకుండా కాగితం మీద రాసిపెట్టు. బాక్సు మీద ఏ లైటు ఏ రంగులో ఉందో కూడా. ఏదైనా మిగిలిపోతే ఆదివారం నేను బస్సెక్కి వస్తాను, నా స్క్రూడ్రైవర్ల సంచీ తెస్తాను. మెంతికాయ సీసా మూత బాగా బిగుసుకుంది, అల్లుడు గారి చేత తీయించు.

మీ నాన్న